పోచంపల్లి పట్టు బ్లౌజు మీద పోగులు లాగేసింది, ఏ బట్టకు ఏ సూది వాడాలో చెప్పండి

దేవరకొండ కుట్టుపని

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. ఇంట్లోనే బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు కుడతాను, మొదలుపెట్టి ఆరేళ్ళయింది. మిషన్ మా అత్తమ్మ వాడిన నల్లటి తొక్కుడు మిషనే, రెండేళ్ళ కింద దానికి మోటారు పెట్టించుకున్నాం. ఇన్నాళ్ళూ పెద్ద ఇబ్బంది రాలేదు కాబట్టి సూది గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. విరిగితే మార్చడం, విరగకపోతే అదే సూదితో కుట్టుకుంటూ పోవడం.

పోయిన వారం ఒకామె బిడ్డ పెళ్ళికని పోచంపల్లి పట్టు చీర బ్లౌజు ముక్క, లైనింగు తెచ్చిచ్చింది. ముదురు ఎరుపు మీద తెల్ల ఇక్కత్ పువ్వు. ముందు భాగానికి డాట్లు (ఒంటికి అమరడానికి వేసే మడత కుట్లు) వేస్తుంటేనే కుట్టు పక్కన సన్న గీత లాంటిది కనిపించింది. ముడత అనుకుని ఇస్త్రీ చేశాను, పోలేదు. కళ్ళ దగ్గర పెట్టి చూస్తే అక్కడొక పోగు ఇక్కడొక పోగు లాగేసి ఉంది, ఆ పోగు కదిలిన చోట పువ్వు అంచు కూడా పక్కకు జరిగినట్టు కనిపిస్తోంది. నాకు చేతులు వణికాయి. ఆ ముక్క మళ్ళీ కొనితెచ్చేది కాదు, చీరతో పాటు నేసింది. పైన టెన్షన్ (దారం బిగువు) తగ్గించాను, పెంచాను, కింది దారం ఉండే బాబిన్ కేసు స్క్రూ తిప్పాను, బట్టను నొక్కి పట్టే ఫుట్ ఒత్తిడి తగ్గించాను, ఏం చేసినా అదే వరస. పక్క కుట్లు, చేతులు ఎక్కించడం అలాగే ఆపి పెట్టాను.

ఇప్పుడు మిషన్‌కు ఉన్నది 14 నంబరు సూది. దసరా ముందు మా మరిది జీన్స్ ప్యాంటు పొడవు తగ్గిస్తుంటే పక్క జాయింటు మీద వరసగా రెండు సూదులు విరిగాయి, ఆ తర్వాత వేసింది ఇది. బతుకమ్మ బట్టలన్నీ దీనితోనే కుట్టాను, ఆ తర్వాత ఎన్ని బ్లౌజులు అయ్యాయో లెక్క లేదు. మొన్న మా పాప లెగ్గింగు చినిగితే కుడదామని పెడితే మూడు కుట్లు పడి రెండు వదిలేసింది.

ఏ బట్టకు ఏ నంబరు వాడాలి, ఎన్నాళ్ళకు మార్చాలి, ఇప్పుడు ఆ లాగేసిన పోగులను సరిచేసే దారి ఏమైనా ఉందా, తెలిసినవాళ్ళు చెప్పండి. పెళ్ళి ఇంకా తొమ్మిది రోజులుంది.

పాలమూరు టైలర్

చెల్లె, ముందు నువ్వు తిప్పిన స్క్రూలన్నీ ఎక్కడున్నవి అక్కడికి తెచ్చి పెట్టు. టెన్షన్ తప్పయితే కుట్టు వదులవుతుంది, లేదా బట్ట ముడుచుకుంటుంది, కింది దారం పైకి పైదారం కిందికి కనిపిస్తుంది. ఉండుండి ఒక పోగు మాత్రం లాగేస్తోంది అంటే సూది మొన పాడైంది. దసరా నుంచి ఇప్పటిదాకా ఒకే సూది అంటే అది చేయాల్సిన పని ఎప్పుడో చేసేసింది.

నేను మహబూబ్‌నగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా ప్యాంట్లు, షర్టులు కుడుతున్నాను. మిషన్ ఏ తేడా చేసినా మొదట సూది మారుస్తాను, పైదారం మొత్తం తీసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కిస్తాను, అదే రకం బట్ట తునక మీద జానెడు కుట్టి చూస్తాను. అప్పటికీ తగ్గకపోతేనే స్క్రూ మీద చెయ్యి వేస్తాను. మా దుకాణంలో పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు కూడా మొదటి నెల ఇదే చెబుతాను, ఎందుకంటే ఒకసారి టెన్షన్ కదిపాక అసలు తప్పు ఎక్కడుందో దొరకదు, ఒకటి ఉన్న చోట మూడు తప్పులు తయారవుతాయి.

సూది బాగుందో లేదో చూడాలంటే మిషన్ నుంచి తీసి మొనను బొటనవేలి గోరు మీద చాలా మెల్లగా జరుపు. నున్నగా జారాలి. గీరుకుపోయినా, తట్టుకున్నా మొన వంగినట్టే, కంటికి కనిపించకపోయినా సరే. ఇంకోటి, సూది తల ఒకవైపు చదునుగా ఉంటుంది కదా, ఆ చదును కిందికి ఉండేటట్టు అద్దం మీదనో ఫోన్ అద్దం మీదనో పెట్టి పక్క నుంచి చూడు. సూదికీ అద్దానికీ మధ్య సందు మొన దాకా ఒకే తీరుగా కనిపించాలి. మొన దగ్గర సందు తగ్గినా పెరిగినా సూది వంగింది. జీన్స్ మీద తగిలి విరగకుండా వంగిన సూదులు ఇట్లనే దొరుకుతాయి. కుట్టేటప్పుడు టక్ టక్ అని బట్టను గుద్దుతున్న చప్పుడు వచ్చినా మొన మొద్దుబారినట్టే.

నంబర్ల సంగతి. ప్యాకెట్ మీద 90/14 అని రెండు అంకెలు ఉంటాయి. 90 అంటే సూది మందం 0.9 మిల్లీమీటర్లు, అంటే వందతో భాగించుకుంటే సరిపోతుంది. 14 అనేది అమెరికా లెక్క, మన టైలర్లందరం ఆ నంబరుతోనే పిలుస్తాం. 75/11 సన్నది, 100/16 అంటే సరిగ్గా ఒక మిల్లీమీటరు, 110/18 ఇంకా లావు. రోజువారీ షర్టింగు, రుబియా, లైనింగు కాటన్, పాలియెస్టర్ పంజాబీ డ్రెస్సులకు 14 చాలు. మందం ప్యాంటు గుడ్డకు, జీన్స్‌కు 16, జీన్స్ మడతల మీద 18.

జీన్స్ జాయింటు దగ్గర నంబరు ఒక్కటే మారిస్తే సరిపోదు, కుట్టే తీరు కూడా మారాలి. ఆ మడతల గుట్ట మీద గుడ్డ కప్పి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే అణుగుతుంది. అక్కడికి వచ్చేసరికి మోటారు వదిలేసి చక్రం చేత్తో తిప్పు. ఫుట్ ముందుభాగం పైకి లేచిపోతుంటే వెనక భాగం కింద అంతే మందంగా మడిచిన అట్టముక్క పెట్టు, ఫుట్ సమంగా నిలబడుతుంది. బట్టను వెనక నుంచి గుంజొద్దు. చాలా సూదులు మందానికి విరగవు, మనం గుంజితే సూది వంగి ప్లేటుకు తగిలి విరుగుతాయి.

పట్టుకు కూడా నేనైతే కొత్త 14 వేసి కుట్టేస్తాను. కొత్తది కావాలి, అంతే.

గద్వాల పట్టు కుట్లు

అన్న చెప్పినవన్నీ నిజమే కానీ పట్టుకు 14 అన్న మాట నేను ఒప్పుకోను. ప్యాంటు కుట్టే చేతికి 14 సన్నగా అనిపిస్తుందేమో, పట్టు పోగుకు అది గునపమే. నేను గద్వాలలో పద్దెనిమిదేళ్ళుగా ఎక్కువగా పట్టు బ్లౌజులే కుడుతున్నాను, 11 నంబరు దాటి పైకి పోయేది లైనింగు మందంగా ఉన్నప్పుడే, అప్పుడు కూడా 12.

చెల్లీ, నీ ముక్కలో పువ్వు అంచు ఎందుకు జరిగిందో చెబుతాను. ఇక్కత్‌లో రంగు నేశాక వేసింది కాదు. నేయకముందే పోగులను కట్లు కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట తెలుపు నిలుస్తుంది, ఆ పోగులను మగ్గం మీద పక్కపక్కన సరిగ్గా కూర్చితేనే పువ్వు వస్తుంది. ఎరుపు ఎక్కడ ఆగాలో తెలుపు ఎక్కడ మొదలవ్వాలో ఆ పోగు మీదే ఉంది. కాబట్టి పోగు కొంచెం జరిగినా దానితో పాటు రంగు జరుగుతుంది. మామూలు పట్టులో పోగు లాగితే సన్న గీత కనిపించి ఊరుకుంటుంది, పోచంపల్లిలో డిజైనే చెదురుతుంది. అందుకే పోచంపల్లి, పుట్టపాక బట్ట చేతికి వస్తే నేను సూది మార్చకుండా ముట్టుకోను, ముందు రోజు వేసిన కొత్త సూది ఉన్నా సరే.

నంబరుతో పాటు మొన రకం కూడా చూడాలి. మామూలుగా దొరికే సూదికి మొన కొద్దిగా గుండ్రంగా ఉంటుంది, అన్ని బట్టలకూ సర్దుకుపోయేటట్టు చేసింది. పట్టుకు, శాటిన్‌కు, దగ్గరి నేత బట్టకు ఇంకా సన్నగా వాడిగా ఉండే మొన మేలు, మైక్రోటెక్స్ అని అడిగితే ఇస్తారు. ష్మెట్జ్ కంపెనీ సూదుల మీద రంగు గీతలు ఉంటాయి, మైక్రోటెక్స్‌కు ఊదారంగు గీత, జీన్స్‌ది నీలం, సాగే బట్టలది పసుపు. మన దగ్గర చిన్న ఊళ్ళలో ఇవన్నీ దొరకవు, దొరక్కపోతే మామూలు 11 కొత్తది వేసినా పని జరుగుతుంది. మొద్దుబారిన మైక్రోటెక్స్ కంటే కొత్త మామూలు సూది చాలా నయం.

గద్వాల బట్టతో ఇంకో సంగతి ఉంది. ఒంటి భాగం నూలు, అంచు పట్టు జరీ. అంచును చేతి అంచుగా వేసి కుట్టేటప్పుడు ఒకే కుట్టులో నూలు, పట్టు, జరీ మూడూ వస్తాయి. జరీ అంటే దారం చుట్టూ చుట్టిన సన్నని లోహపు తీగ, సూది మొనను అదే అరగదీస్తుంది. జరీ అంచులు వరసగా కుట్టిన సూదితో ఆనక పట్టు కుట్టొద్దు, దాన్ని లైనింగులకు పెట్టుకో. నారాయణపేట కాటన్ అయితే ఇంత భయం అక్కర్లేదు, 14తో హాయిగా కుట్టుకోవచ్చు.

ఇప్పుడు నీ బ్లౌజు. ఆ డాట్లు వెంటనే ఊడదీయకు. పట్టుకు సూది గుచ్చిన రంధ్రం మూసుకోదు, ఊడదీస్తే లాగిన పోగులతో పాటు చుక్కల వరస కూడా కనిపిస్తుంది. మొద్దు మొన ఉన్న చేతిసూది తీసుకుని, లాగేసిన పోగు ఎక్కడ బిగిసిందో అక్కడి నుంచి అటూ ఇటూ కొద్దికొద్దిగా సర్దుతూ పో, ఒకేచోట ఎక్కువ లాగొద్దు, అంగుళం పొడవునా పంచాలి. తర్వాత బట్టను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రెండు చేతులతో మెల్లగా సాగదీస్తే పోగులు చాలావరకు తమ చోట కూర్చుంటాయి. పైన పలుచని నూలు గుడ్డ పరిచి తక్కువ వేడితో ఇస్త్రీ చెయ్. పోగు తెగి ఉంటే మాత్రం తిరిగిరాదు. తెగిందా జరిగిందా అన్నది వెనక వైపు నుంచి చూస్తే తెలుస్తుంది.

మిగతా కుట్లు మొదలుపెట్టే ముందు ఆమె ఇచ్చిన ముక్కలోనే కత్తిరించగా మిగిలిన తునక మీద లైనింగు కూడా కలిపి కుట్టి చూడు. వేరే పట్టు ముక్క మీద చూస్తే లాభం లేదు.

దేవరకొండ కుట్టుపని

అక్కా, వెనక నుంచి చూశాను. ఐదు చోట్ల పోగు జరిగింది, ఒక్కచోట తెగింది. తెగింది చంక దగ్గర, కుట్టు లోపలికి పోయేటట్టుంది. ఇది చదివాక కొంచెం ఊపిరి వచ్చింది.

అన్న చెప్పినట్టు గోరు మీద పెట్టి చూశాను, సూది గీరుకుపోతోంది. మార్చుదామని డబ్బా తీస్తే ఇంకో సమస్య. నా దగ్గర రెండు ప్యాకెట్లు ఉన్నాయి. ఒకదాంట్లో సూది తల ఒకవైపు చదునుగా ఉంది, పోయినసారి దుకాణంలో ఇచ్చిన ఇంకోదాంట్లో తల గుండ్రంగా ఉంది, చదును లేనే లేదు. రెండూ 11 అనే రాసి ఉంది. గుండ్రం తలది పెడితే లోపలికి పోయింది కానీ స్క్రూ ఎంత బిగించినా కొద్దిగా తిరుగుతోంది. నాలుగు గజాలు కుడితే ఒక్క కుట్టు కూడా పడలేదు. ఇది వేయొచ్చా వద్దా?

మిర్యాలగూడ మిషన్ రిపేర్

వద్దమ్మా, అది వెంటనే తీసెయ్యి. గుండ్రం తలది పవర్ మిషన్ సూది. ప్యాకెట్ మీద చూడండి, డీబీ×1 అని ఉంటుంది. జూకీ లాంటి ఫ్యాక్టరీ మిషన్లకు అది వేస్తారు, దాని తల సన్నగా ఉంటుంది, అందుకే మీ మిషన్‌లో తిరుగుతోంది. ఇంటి మిషన్లకు కావలసింది హెచ్ఏ×1, తల ఒకవైపు చదును ఉన్నది. జర్మనీ ప్యాకెట్ల మీద దాన్నే 130/705 హెచ్ అని రాస్తారు, 15×1 అన్నా అదే. నంబరు 11 అన్నది మందం మాత్రమే, సూది రకం వేరే సంగతి. నా దగ్గరికి కుట్టు పడట్లేదని మిషన్ ఆటోలో వేసుకుని వచ్చేవాళ్ళలో ఇట్లా సూది రకం మారిపోయినవాళ్ళు, సూది తిరగేసి పెట్టినవాళ్ళు చాలామంది ఉంటారు. పాపం పని మానుకుని, కిరాయి పెట్టుకుని వస్తారు, నేను సూది మార్చి పంపిస్తాను. దుకాణానికి పోయేటప్పుడు పాత సూది కాగితంలో చుట్టి తీసుకుపోయి చూపించండి, నంబరు ఒక్కటి చెప్పి తెచ్చుకోవద్దు.

సూది ఎటువైపు తిప్పి పెట్టాలన్నది చాలామందికి గుర్తుండదు, అసలు కుట్టు ఎట్లా పడుతుందో తెలిస్తే మరిచిపోరు. సూదికి ఒకవైపు పొడుగ్గా గాడి ఉంటుంది, బట్టలోకి దిగేటప్పుడు దారం ఆ గాడిలో దాక్కుంటుంది. రెండోవైపు బెజ్జం పైన చిన్న నొక్కు ఉంటుంది. సూది పూర్తిగా కిందికి పోయి కొద్దిగా పైకి లేవగానే నొక్కు ఉన్న వైపు దారం చిన్న ఉచ్చులాగా ఉబ్బుతుంది, షటిల్ (బాబిన్ దగ్గర కింద తిరిగే భాగం) ముక్కు సరిగ్గా ఆ క్షణానికి వచ్చి ఆ ఉచ్చును అందుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. అంతే కుట్టు. కాబట్టి నొక్కు, చదును షటిల్ ముక్కు వైపు, గాడి దారం ఎక్కించే వైపు ఉండాలి. దారం ఎప్పుడూ గాడి వైపు నుంచే బెజ్జంలోకి పోవాలి. ముందు నుంచి దారం ఎక్కించే కొత్త జిగ్‌జాగ్ మిషన్లకు చదును వెనక్కి ఉంటుంది. మీ నల్ల మిషన్‌కు పక్క నుంచి ఎక్కిస్తారు కాబట్టి చదును కూడా పక్కకే ఉంటుంది.

సూది పైకి తగిలేదాకా తోసి అప్పుడు స్క్రూ బిగించండి. బియ్యపు గింజంత కిందికి దిగి ఉన్నా షటిల్ ముక్కు వచ్చే టైముకు ఉచ్చు సరైన చోట ఉండదు, కుట్టు వదిలేస్తుంది. వంగిన సూదితో కూడా అదే, ముక్కుకూ సూదికీ మధ్య ఉండేది వెంట్రుకంత సందు.

ఇంకొకటి చూసుకోండి. జీన్స్ మీద రెండు సూదులు విరిగాయన్నారు. ఆ ముక్కలు దొరికాయా? మొన ముక్క షటిల్ గూట్లో పడి ఉంటే తిరుగుతూ గీతలు పెడుతుంది, తర్వాత ఏ సూది వేసినా దారం తెగుతుంది. బాబిన్ కేసు, షటిల్ తీసి బ్రష్‌తో దులపండి. సూది ప్లేటు రంధ్రం కూడా వేలితో తడిమి చూడండి, విరిగేటప్పుడు సూది అక్కడ గుద్దుకుని అంచు గరుకుగా లేస్తుంది. పట్టు పోగులు లాగడానికి అది కూడా కారణం కావచ్చు. గరుకుగా ఉంటే సన్నని ఎమెరీ కాగితం చుట్టి మెల్లగా రుద్దితే నున్నబడుతుంది, లేదంటే ప్లేటు మార్చుకోవచ్చు.

కల్వకుర్తి నుంచి

అక్కా, లెగ్గింగు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. నేను హైదరాబాద్ దగ్గర ఒక గార్మెంట్ యూనిట్‌లో మూడేళ్ళు టీషర్టు లైన్‌లో చేశాను, ఇప్పుడు ఊళ్ళోనే కుడుతున్నాను.

లెగ్గింగు, టీషర్టు, బనియను గుడ్డ నేసింది కాదు, అల్లింది. ఉచ్చులోకి ఉచ్చు వేసి అల్లుతారు. వాడి మొన ఆ ఉచ్చును పొడిచి తెంపేస్తుంది, కొత్తలో కనిపించదు, రెండు ఉతుకులయ్యాక కుట్టు పక్కన చిన్న రంధ్రం, ఆ రంధ్రం నుంచి నిచ్చెనలాగా జారుకుంటూ పోతుంది. బాల్ పాయింట్ సూది మొన గుండ్రంగా ఉంటుంది, ఉచ్చును పక్కకు నెట్టి మధ్యలో నుంచి దిగుతుంది. బనియను గుడ్డకు అది చాలు. లైక్రా ఉన్న లెగ్గింగు అయితే స్ట్రెచ్ సూది అని వేరే ఉంటుంది, అది కావాలి. లైక్రా సూదికి అంటుకుని సూదితో పాటు పైకి లేస్తుంది, మెకానిక్ అన్న చెప్పిన ఆ ఉచ్చు సరిగ్గా ఉబ్బదు, అందుకే మీకు మూడు పడి రెండు వదిలేసింది. స్ట్రెచ్ సూదికి ఆ నొక్కు లోతుగా చేసి ఉంటుంది, షటిల్ ముక్కు ఇంకా దగ్గరికి వచ్చి అందుకుంటుంది. 75/11 తెచ్చుకుంటే లెగ్గింగుకు సరిపోతుంది. పాలియెస్టర్ దారం వేసి, కుట్టేటప్పుడు బట్టను కొద్దిగా సాగదీసి పట్టుకోండి, లేకపోతే పాప కూర్చోగానే కుట్టు తెగుతుంది. పీకో మిషన్ ఉన్నవాళ్ళ దగ్గర సన్న జిగ్‌జాగ్ వేయించుకుంటే ఇంకా మంచిది.

ఆ సూదితో పట్టు కుట్టొద్దు మళ్ళీ. గుండ్రం మొన దగ్గరి నేతలో దూరలేక పోగులను నెడుతుంది, మీకు ఇప్పుడు జరిగిందే మళ్ళీ జరుగుతుంది.

మా యూనిట్‌లో సూది విరిగితే లైన్ ఆపి ముక్కలన్నీ వెతికి, కాగితం మీద టేపుతో అతికించి సూది ముక్కలన్నీ దొరికాయని చూపిస్తేనే కొత్తది ఇచ్చేవాళ్ళు. ఒక్క ముక్క దొరక్కపోయినా ఆ కట్టలోని బట్టలన్నీ పక్కన పెట్టి వెతికేవాళ్ళం. చిన్నపిల్లల బట్టలో మొన ముక్క ఉండిపోతే ఏమవుతుందో ఒకసారి మా సూపర్‌వైజర్ మేడం చెప్పినప్పటి నుంచి, ఇంట్లో కుట్టినా నేను ముక్కలు దొరికేదాకా లేవను. మీరు కూడా అదే చేయండి అక్కా, ముఖ్యంగా పిల్లల గౌన్లు కుట్టేటప్పుడు.

జార్జెట్, షిఫాన్ గురించి కూడా ఒక మాట. 9 కానీ 11 కానీ వేయండి. మొదటి కుట్టుకే బట్ట ప్లేటు రంధ్రంలోకి పోతుంటే కింద న్యూస్ పేపర్ ముక్క పెట్టి కలిపి కుట్టి తర్వాత చింపేయండి. రెండు దారాల కొసలు మొదటి రెండు మూడు కుట్ల దాకా వెనక్కి పట్టుకోండి.

పాలమూరు టైలర్

గద్వాల అక్క చెప్పిన 11 మాట నేను తీసుకుంటున్నాను. నేను కుట్టే పట్టు అంటే లాల్చీ గుడ్డ, అది కొంచెం మందం, ఇక్కత్ పట్టు నా చేతికి తక్కువే వచ్చింది.

దారం గురించి ఒకటి కలుపుతాను. 11 వేసి లావు దారం ఎక్కిస్తే గాడిలో పట్టదు, బెజ్జంలో ఒరుసుకుని పీచు పీచుగా తెగుతుంది, అప్పుడు మళ్ళీ టెన్షన్ మీద పడతారు. సూది చేతిలో పట్టుకుని జానెడున్నర దారం ఎక్కించి, దారాన్ని ఏటవాలుగా బిగించి పట్టుకో. సూది దాని మీద తనంతట తాను కిందికి జారాలి. మధ్యలో ఆగితే ఆ సూదికి ఆ దారం లావు. ఇంకా కాలరు బక్రం (లోపల పెట్టే గట్టి గుడ్డ) కుట్టేటప్పుడు దాని జిగురు సూదికి పట్టి కుట్టు వదులుతుంది, స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడువు.

ఎన్నాళ్ళకు మార్చాలని అడిగావు కదా. సుమారు ఎనిమిది గంటల కుట్టుకు ఒక సూది అని లెక్క పెట్టుకో. రోజుల్లో కాదు, సూది నడిచిన గంటల్లో. నీ పని ఎంతో నీకు తెలుసు.

దేవరకొండ కుట్టుపని

అందరికీ చాలా థాంక్స్. నిన్న నల్గొండ పోయి గడియారం సెంటర్ దగ్గర పాత సూది చూపించి తెచ్చుకున్నాను. హెచ్ఏ×1లో 11వి రెండు ప్యాకెట్లు, 14, 16 ఒక్కొక్కటి. మైక్రోటెక్స్ దొరకలేదు. స్ట్రెచ్ సూది ఒక దుకాణంలో ఉంది, తెచ్చాను.

మెకానిక్ అన్న చెప్పినట్టు షటిల్ తీసి దులిపితే విరిగిన మొన ముక్క ఒకటి పీచులో చుట్టుకుని బయటపడింది. దసరా నుంచి అందులోనే ఉంది అది! ప్లేటు రంధ్రం కూడా ఒకవైపు వేలికి గరుకుగా తగిలింది, ఎమెరీతో రుద్దాను. కొత్త 11 వేసి మిగిలిన తునక మీద లైనింగుతో కలిపి కుట్టి చూశాను, ఒక్క పోగు కదలలేదు. అప్పుడు కూడా ధైర్యం చాలక ఇంకో రెండుసార్లు కుట్టి చూసి, ఆ తర్వాతే పక్క కుట్లు వేశాను. జరిగిన ఐదు పోగుల్లో నాలుగు అక్క చెప్పినట్టు సర్దితే కూర్చున్నాయి. ఐదోది తెలిసినవాళ్ళు చూస్తే కనిపిస్తుంది. తెగింది లోపలికి పోయింది.

ఒక్కటి మిగిలింది. చేతులకు మగ్గం వర్క్ చేయించి తెస్తానంది ఆమె, పూసలు, కుందన్లు ఉంటాయట. అంచు దాకా వర్క్ ఉంటే దాని మీద ఎట్లా కుట్టాలి? మళ్ళీ సూది విరిగి పట్టు మీద పడుతుందేమోనని భయంగా ఉంది. ఇంకా, ఆ ఐదో పోగు సంగతి ఆమెకు చెప్పాలా?

గద్వాల పట్టు కుట్లు

వర్క్ చేసేవాళ్ళకు ముందే చెప్పి పంపించు, కుట్టు గీత నుంచి అర అంగుళం లోపలి దాకా పూసలు వేయొద్దని, నువ్వే చాక్‌పీసుతో గీత గీసివ్వు. అప్పటికీ వేసి తెస్తే కుట్టు దారిలో పడే పూసలను మాత్రం చిన్న పట్టకారుతో నొక్కి పగలగొట్టు, కత్తెరతో దారం కత్తిరిస్తే పక్క పూసలు కూడా ఊడిపోతాయి. పగలగొట్టేటప్పుడు కళ్ళకు దూరంగా పెట్టుకో, మీద గుడ్డ కప్పు. ఆ తర్వాత సింగిల్ ఫుట్ (ఒకవైపే కాలు ఉన్న ఫుట్) వేసి వర్క్ పక్క నుంచి కుట్టు, దగ్గరికి వచ్చిన చోట చక్రం చేత్తో తిప్పు. జర్దోసీ స్ప్రింగు మీద సూది దిగితే మొన పోయినట్టే, చేతులు ఎక్కించడం అయ్యాక ఆ సూది తీసెయ్, హుక్కు పట్టీకి కొత్తది వెయ్.

తీసేసిన సూదులు ఊడ్చి చెత్తలో వేయొద్దు, పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు. ఖాళీ మాత్రల డబ్బాలో వేసి మూత బిగించి పెట్టుకో.

ఆమెకు చెప్పు. ఇచ్చేటప్పుడు నువ్వే వేలు పెట్టి చూపించు, ఎట్లా జరిగిందో, ఎట్లా సర్దావో కూడా. ఇంటికి పోయాక ఆమెకు ఆమె కనిపెడితే ఇంకెప్పుడూ నీ దగ్గరికి పట్టు తీసుకురాదు. కుట్టు కూలి కొంత తగ్గించుకో, ఆమె వద్దన్నా తగ్గించు.

దేవరకొండ కుట్టుపని

సరే అక్కా. వర్క్‌కు పంపే ముందే ఈ రోజు సాయంత్రం ఆమెను పిలిచి చూపిస్తాను. చేతుల ముక్కల మీద గీత కూడా ఇప్పుడే గీసిపెడుతున్నాను.